అరకు ఘాట్ ఎక్కాలా? గాలికొండకి వెనక నుంచి వెళ్లండి

విజయనగరంలో సైకిల్ తొక్కేవాళ్లందరికీ అరకు ఘాట్ మీద ఒక కన్ను ఉంటుంది. నేనూ మొదటిసారి ఘాట్ కింద ఉన్న బొడ్డవర నుంచే మొదలుపెట్టాను. టైడా చేరేసరికి దిగి సైకిల్ నడిపించాల్సి వచ్చింది. అటు నుంచి గాలికొండ వ్యూ పాయింట్‌కి వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు. అరకు అయితే అప్పటికే సుమారు 910 మీటర్ల ఎత్తులో ఉంది, గాలికొండ దాదాపు 1300. అందుకే కొత్తవాళ్లకి అరకు వైపు నుంచి ఎక్కమనే చెబుతాను.

ముందు సైకిల్ రైలెక్కాలి. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే పగటి రైలు ఎస్.కోటలో (శృంగవరపుకోట) ఆగుతుంది గానీ, కొద్దిసేపే. అందుకే విశాఖలోనే ఎక్కించండి. విశాఖ పార్సిల్ ఆఫీసులో ముందురోజే అడిగి లగేజీగా బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు. దారిలో శిమిలిగుడ వస్తుంది, 996 మీటర్లు. దేశంలో ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషన్ అన్న పేరు చాలాకాలం దానిదే.

అరకులో దిగి రాత్రి అక్కడే పడుకోండి. పొద్దున్నే మంచు దట్టంగా ఉంటే విడిపోయేదాకా ఆగండి. గాలికొండకి సుమారు 20 కిలోమీటర్లు, మధ్యలో దిగుళ్లూ ఉన్నాయి. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, తేలిక గేరులో తొక్కండి. సుంకరిమెట్ట కాఫీ తోటల దగ్గర ఆగి, అరటిపండు తిని, నీళ్లు నింపుకోండి.

అసలు జాగ్రత్త దిగేటప్పుడు కావాలి. అనంతగిరి దాటాక మలుపు మీద మలుపు. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ బాగా వేడెక్కిపోతుంది, ట్యూబు పేలవచ్చు. మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపు తిరిగేటప్పుడు వదిలేయండి. ప్యాడ్లు అరిగి ఉంటే ఇంటి దగ్గరే మార్పించండి. ఎడమ అంచు వదలొద్దు. ఇరుకు చోట ఎదురుగా బస్సో లారీయో ఎక్కుతూ వస్తే దారి దానిదే, మీరే ఆగాలి. చేతులు తిమ్మిరెక్కితే డముకు, టైడాల దగ్గర దిగి కాసేపు కూర్చోండి. వాన పడితే ఆ రోజుకి సైకిల్‌ని బస్సు మీద వేసేయండి.

బొడ్డవర దగ్గర రోడ్డు చదునవుతుంది. ఎస్.కోటలో భోజనం చేసి, ఎండ తగ్గాక విజయనగరం దారి పట్టండి. ఇంకా ముప్పై కిలోమీటర్లు తొక్కాలి.