విని వాయించడం – 3వ పాఠం: ఆల్కాన్ ‘ఈసప్ విందు’

పియానో రికార్డింగులో ఎడమచేతి వరుసను విని విడిగా పట్టుకోవడం వచ్చింది కాబట్టి ఇక కష్టమైన రచనకే వెళదాం.

షార్ల్ వాలెంటిన్ ఆల్కాన్ (1813–1888) పారిస్ పియానిస్టు. ఆయన 39వ ఓపస్‌లో (ఓపస్ అంటే అచ్చయిన రచనల వరుస సంఖ్య) పన్నెండు ఎట్యూడ్లున్నాయి, అంటే సాధన కోసం రాసిన రచనలు, 1857లో అచ్చయ్యాయి. ‘ఈసప్ విందు’ వాటిలో చివరిది: ఒక చిన్న థీమ్ (మూల బాణీ), దానికి 25 వేరియేషన్లు (అదే బాణీని మార్చి రాసిన రూపాలు). వాయించగలిగినవారు తక్కువ కావడంతో ఆయన పోయాక ఈ సంగీతం చాలాకాలం మరుగున పడింది.

శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణకు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ద్వారా త్యాగరాజ శిష్యపరంపర అందింది. ఆల్కాన్‌కు అలాంటి గట్టి పాఠాంతరం (గురువు నుంచి శిష్యుడికి అందే బాణీ) మిగల్లేదు, కాగితం మిగిలింది. 1960ల నుంచి రేమండ్ లూవెంతాల్, రొనాల్డ్ స్మిత్ వంటి పియానిస్టులు రికార్డు చేశాకే ఈ స్వరాలు మనిషి చేతులకు సాధ్యమేనని చాలామందికి నమ్మకం కుదిరింది. కోనసీమలో కూర్చుని నేర్చుకునే మనకు ఆ రికార్డింగులే గురువులు. అయితే ఒక్క గురువును పట్టుకుంటే ఆయన అలవాట్లన్నీ రచనలోవే అనిపిస్తాయి. అందుకే రెండు వినాలి: లూవెంతాల్‌ది (1965), తర్వాత మార్క్ ఆంద్రే హామెలిన్‌ది.

స్వరపత్రానికి కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది, ఉచితంగా దొరుకుతుంది. ముందు వాయించకండి. థీమ్ ఎనిమిది బార్లు (పత్రంలో నిలువు గీతల మధ్య భాగాలు), బారుకు రెండు దెబ్బలు, అంటే ఆదితాళం రెండావర్తాలు. మొదటిసారి రికార్డింగు వింటూ, చేత్తో తాళం వేస్తూ కంటితో పత్రం చదవండి. వేరియేషన్లు మారేచోట్లు త్వరలోనే తెలిసిపోతాయి. తాళం తప్పితే పత్రంలో ఆ బారు దగ్గర గీత పెట్టి ముందుకు సాగండి, వెనక్కి వెళ్లవద్దు.

రెండోసారి అసలు పని. లయలో స్వేచ్ఛ తీసుకోవద్దని ఆల్కాన్ మొదట్లోనే రాశాడు. మరి పియానిస్టు ఎక్కడైనా నెమ్మదిస్తే, అది పత్రంలో ఉందా, ఆయన నిర్ణయమా? ఇద్దరూ ఒకేచోట నెమ్మదిస్తే పత్రాన్ని మరోసారి చూడండి. ఒక్కరే నెమ్మదిస్తే ఆ పేరు పక్కన రాసుకోండి. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, తొందరపడకండి.

అమలాపురం, రాజోలు చర్చిల్లో మీరు వాయించే కీబోర్డుకు చాలావరకు 61 మెట్లే, పియానోకు 88. కాబట్టి ప్రస్తుతానికి థీమ్ చాలు. ఫోనులో రికార్డింగు వేగం సగానికి తగ్గించి కుడిచేయి, ఎడమచేయి విడివిడిగా సాధన చేయండి. వచ్చే పాఠానికి గీతలు పెట్టిన పత్రం దగ్గర ఉంచుకోండి, మొదటి మూడు వేరియేషన్లు అందులోంచే మొదలుపెడతాం.