ఒక హోస్ట్ ఖాళీ చేయగలిగితేనే అప్‌గ్రేడ్: నాలుగు సర్వర్ల క్లస్టర్‌లో నేను పని చేసే తీరు

నేను చూసుకునే క్లస్టర్‌లో కలిసి పనిచేసే నాలుగు హోస్ట్‌లు (అసలు సర్వర్లు), వాటి మీద తొంభైకి పైగా వీఎంలు (సాఫ్ట్‌వేర్‌తో తయారైన వర్చువల్ కంప్యూటర్లు) ఉన్నాయి. ఒక్కో హోస్ట్‌లో 512 జీబీ మెమరీ. జీతాల సాఫ్ట్‌వేర్, ఫైల్ సర్వర్, అందరి లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్లు అన్నీ వాటిలోనే నడుస్తాయి. నాలుగింటిలో ఏదో ఒక హోస్ట్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేయగలగాలి. అలా చేయగలిగితే పగటిపూట కూడా, ఎవరి పనీ ఆగకుండా అప్‌గ్రేడ్ చేయొచ్చు. చేయలేకపోతే ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వాయిదా పడుతూనే ఉంటాయి.

వాయిదా వేస్తే ఏమవుతుందో 2023 ఫిబ్రవరిలో చాలామంది చూశారు. ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న వేలాది ఈఎస్ఎక్స్ఐ హోస్ట్‌ల మీద పడింది. ఈఎస్ఎక్స్ఐ అంటే హోస్ట్ మీద వీఎంలను నడిపించే వీఎంవేర్ కంపెనీ సాఫ్ట్‌వేర్. నెట్‌వర్క్‌లో సేవలను వెతికిపెట్టే ఓపెన్‌ఎస్ఎల్‌పీ సర్వీసులోని ఒక పాత లోపాన్ని వాడుకుంటున్నట్టుందని ఫ్రాన్స్ సైబర్ భద్రతా విభాగం అప్పుడే హెచ్చరించింది. ఆ లోపానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. అంటే దాన్ని వేసుకోవడానికి రెండేళ్ళ సమయం ఉంది.

అలాగని వచ్చిన రోజే వేయడం కూడా మంచిది కాదు. 2021లో వచ్చిన వీస్ఫియర్ (ఈఎస్ఎక్స్ఐ ఉన్న వీఎంవేర్ ప్యాకేజీ) 7.0 అప్‌డేట్ 3ని లోపాలు బయటపడడంతో నవంబర్‌లో వీఎంవేరే వెనక్కి తీసుకుంది. సరిచేసిన 3సీ 2022 జనవరిలో వచ్చింది. అందుకే నేను రెండు రకాలుగా చూస్తాను. తీవ్రమైన భద్రతా ప్యాచ్ అయితే రిలీజ్ నోట్స్ చదివి ఆ వారంలోనే మొదలుపెడతాను. కొత్త ఫీచర్ల అప్‌డేట్ అయితే కనీసం నెల ఆగుతాను. ఎంత ఆగినా సపోర్ట్ గడువు మాత్రం దాటనివ్వను. 7.0కు జనరల్ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో ముగిసింది. 8.0కు 2027 అక్టోబర్ 11 వరకు ఉంది. బడ్జెట్ అడగాల్సి వస్తే ఈ తేదీలే ముందు పెట్టండి. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, సబ్‌స్క్రిప్షన్ పద్ధతి వచ్చింది. కాబట్టి సాంకేతిక పని కంటే ముందే లైసెన్స్ సంగతి తేల్చుకోవాలి.

ముందు షీట్

ఏ బటన్ నొక్కకముందే ఒక షీట్ తయారుచేస్తాను. ప్రతి హోస్ట్‌కూ సర్వర్ మోడల్, బయోస్ వెర్షన్, ఈఎస్ఎక్స్ఐ బిల్డ్ నంబర్, నెట్‌వర్క్ కార్డు, స్టోరేజ్ కంట్రోలర్, వాటి డ్రైవర్, ఫర్మ్‌వేర్ వెర్షన్లు రాస్తాను. వీటిని తయారీదారు కంపాటిబిలిటీ గైడ్‌తో ఒక్కో వరుసా పోల్చి చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేయకండి. ఈఎస్ఎక్స్ఐ 7.0లో పాత వీఎంకే‌లైనక్స్ డ్రైవర్ల వ్యవస్థను పూర్తిగా తీసేశారు. 6.7లో చక్కగా పనిచేసిన కొన్ని పాత నెట్‌వర్క్ కార్డులు 7.0లో కనిపించకుండా పోయాయి. హోస్ట్ లేస్తుంది, నెట్‌వర్క్ ఉండదు. బూట్ డిస్క్ కూడా చూడండి. 7.0 నుంచి బూట్ మీడియా మీద రాతలు పెరిగాయి. ఎస్‌డీ కార్డు నుంచో, పెన్ డ్రైవ్ నుంచో బూట్ అయ్యే హోస్ట్‌లు ఉంటే ముందు చిన్న ఎస్ఎస్‌డీకి మారండి.

చాలామంది మర్చిపోయేది బ్యాకప్ సాఫ్ట్‌వేర్. అది కొత్త వెర్షన్‌ను గుర్తించకపోతే అప్‌గ్రేడ్ విజయవంతమైన రాత్రే బ్యాకప్ ఫెయిల్ అవుతుంది. అందుకే నా వరుసలో మొదటిది బ్యాకప్ సాఫ్ట్‌వేర్. తర్వాత వీసెంటర్ (హోస్ట్‌లన్నిటినీ ఒకేచోట నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్), తర్వాత హోస్ట్‌లు, వాటి తర్వాత వీఎంల లోపలి వీఎంవేర్ టూల్స్, అన్నిటికన్నా చివర వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్ (వీఎంకు కనిపించే హార్డ్‌వేర్ తరం). వీసెంటర్ వెర్షన్ ఎప్పుడూ హోస్ట్‌లతో సమానంగానో, వాటికంటే పైనో ఉండాలి. హోస్ట్ ముందుకెళ్ళిపోతే పాత వీసెంటర్ దాన్ని నడిపించలేదు.

షీట్‌లో ఆఖరి కాలమ్ పేరు ‘వెనక్కి ఎలా?’ ప్రతి మెట్టుకూ ఆ గడి నిండాలి. నిండకపోతే ఆ మెట్టు ఎక్కను. వీసెంటర్ మేజర్ అప్‌గ్రేడ్‌లో కొత్త అప్లయన్స్ (వీసెంటర్ నడిచే వీఎం) తయారై పాతదాని డేటా తెచ్చుకుంటుంది. పాతది ఆపేసి అక్కడే ఉంటుంది కాబట్టి తేడా వస్తే కొత్తదాన్ని ఆపి పాతదాన్ని ఆన్ చేయొచ్చు. చిన్న ప్యాచ్ అయితే అదే అప్లయన్స్ మీద పడుతుంది. దానికి ముందు 5480 పోర్టులోని మేనేజ్‌మెంట్ పేజీ నుంచి ఫైల్ బ్యాకప్, దానికి తోడు ఒక స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఉన్న స్థితి) తీసుకుంటాను. ఆ పేజీలోనే రూట్ పాస్‌వర్డ్ గడువు కూడా చూడండి. మామూలుగా అది 90 రోజులకు ఎక్స్‌పైర్ అవుతుంది, అప్‌గ్రేడ్ మధ్యలో ఆ సంగతి తెలియడం కంటే పెద్ద టెన్షన్ ఉండదు.

మరో రెండు సంగతులు కాగితం మీదే రాసి జేబులో పెట్టుకుంటాను: వీసెంటర్ ప్రస్తుతం ఏ హోస్ట్ మీద ఉంది, ప్రతి హోస్ట్ ఐపీ అడ్రస్ ఏంటి. పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ కూడా అదే క్లస్టర్‌లో వీఎంగా ఉంటే, అది ఆగిన రోజు హోస్ట్‌ల పేర్లు పనిచేయవు. పాస్‌వర్డ్‌లు దాచిన సాఫ్ట్‌వేర్ కూడా ఆ క్లస్టర్‌లోనే ఉందేమో చూసుకోండి.

మర్చిపోయిన స్నాప్‌షాట్

ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒక సాయంత్రం ఒకేసారి పదకొండు వీఎంలు నిలిచిపోయాయి. వీఎంల డిస్కులు ఉండే డేటాస్టోర్ నూటికి నూరు శాతం నిండింది. వెతికితే డేటాబేస్ వీఎం ఫోల్డర్‌లో ఐదు నెలల నాటి స్నాప్‌షాట్ ఉంది, పేరు ‘టెస్ట్’. ఏదో అప్‌డేట్‌కు ముందు తీశారు, పని బాగానే అయింది, దాన్ని తీసేయడం మరిచారు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి ఆ వీఎం రాసేదంతా పక్కనున్న డెల్టా ఫైల్‌లోకి వెళ్తుంది. డేటాబేస్ రోజూ రాస్తూనే ఉంటుంది. ఆ ఫైల్ 600 జీబీ దాటింది. ఆపి ఉన్న రెండు వీఎంలను వేరే డేటాస్టోర్‌కు తరలించి కొంత చోటు చేశాక గానీ మిగతావి లేవలేదు. ఆ స్నాప్‌షాట్ అసలు డిస్క్‌లో కలిసిపోవడానికి మర్నాడు తెల్లవారేదాకా పట్టింది. డేటాబేస్ మీద ఆధారపడినవాళ్ళు ఆ రాత్రంతా ఎదురుచూశారు.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదని అప్పటి నుంచి ప్రతి కొత్తవాళ్ళకూ మొదటి రోజే చెబుతాను. అసలు డిస్క్ పోతే దాంతోపాటు స్నాప్‌షాటూ పోతుంది. ఒక్క స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ కూడా సూచిస్తుంది. నేను పేరులోనే తీసేయాల్సిన తేదీ, తీసినవాళ్ళ పేరు పెట్టిస్తాను. అప్‌గ్రేడ్‌కు ముందు క్లస్టర్ మొత్తంలో స్నాప్‌షాట్‌ల జాబితా తీసి, పాతవన్నీ శుభ్రం చేశాకే ముందుకెళ్తాను.

హోస్ట్ ఖాళీ చేయడం

ముందు లెక్క వేయండి. నా హోస్ట్‌లలో సగటున 340 జీబీ వాడకంలో ఉంటుంది, నాలుగింటికీ కలిపి 1360. ఒకటి ఖాళీ చేస్తే మిగిలిన మూడింటి మొత్తం 1536 జీబీ, సరిపోతుంది. కానీ సరిగ్గా ఆ గంటలో ఇంకో హోస్ట్ పడిపోతే మిగిలేది 1024 జీబీయే. 336 జీబీ తక్కువ. అందుకే మొదలుపెట్టేముందు అంత మెమరీ మేర టెస్ట్, ట్రైనింగ్ వీఎంలను ఆపేస్తాను. వాటి యజమానులకు రెండు రోజుల ముందే చెబుతాను.

తర్వాత హోస్ట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెడితే, హోస్ట్‌ల మధ్య భారం సర్దే డీఆర్‌ఎస్ ఆటోమేటిక్‌లో ఉంటే వీఎంలు వీమోషన్‌తో (ఆగకుండా హోస్ట్ మారే పద్ధతి) వాటంతటవే పక్క హోస్ట్‌లకు వెళ్ళిపోతాయి. వెళ్ళనివి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. పోయినసారి రెండు శాతం దగ్గర ఆగిపోయింది. చూస్తే ఎవరో ఒక వీఎంకు ఆ హోస్ట్ లోకల్ డిస్క్‌లోని ఐఎస్ఓ ఫైల్ (సీడీకి కాపీ లాంటిది) తగిలించి, ఇన్‌స్టలేషన్ అయ్యాక తీయలేదు. సీడీ డ్రైవ్ డిస్‌కనెక్ట్ చేయగానే కదిలింది. మీ దగ్గరా ఆగితే ముందు ఇదే చూడండి. ఆ తర్వాత పాస్‌త్రూ ఇచ్చిన (ఒక వీఎంకే నేరుగా అప్పగించిన) కార్డులు, లోకల్ డేటాస్టోర్‌లో ఉన్న డిస్కులు, ఈ రెండు వీఎంలూ ఒకేచోట ఉండకూడదని పెట్టిన రూల్స్ చూడండి.

హోస్ట్ ఖాళీ అయ్యాక ముందు ఫర్మ్‌వేర్, తర్వాత ఈఎస్ఎక్స్ఐ. రీబూట్ అవుతున్నంతసేపూ సర్వర్ రిమోట్ కన్సోల్ తెరిచే ఉంచుతాను. ఈఎస్ఎక్స్ఐ తన బూట్ డిస్క్‌లో రెండు బూట్ బ్యాంకులు ఉంచుకుంటుంది, ఒకదాంట్లో కొత్త వెర్షన్, రెండోదాంట్లో పాతది. లోడింగ్ మొదలైన కొన్ని సెకన్లపాటు స్క్రీన్ కింద షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కమనే రికవరీ సూచన కనిపిస్తుంది. ఆ లోపు నొక్కితే రెండు బిల్డ్ నంబర్లూ చూపించి పాతదానికి వెళ్ళమంటారా అని అడుగుతుంది. వై నొక్కితే పాత వెర్షన్‌తో లేస్తుంది. అవసరం రాకముందే ఒక ఖాళీ హోస్ట్ మీద దీన్ని ఒక్కసారి చేసి చూడండి, చేతికి అలవాటవ్వాలి. 6.x నుంచి 7.0కు వెళ్ళేటప్పుడు మాత్రం పార్టిషన్లు మారిపోతాయి, ఈ దారి ఉండదు. అక్కడ ‘వెనక్కి ఎలా?’ గడిలో రాయాల్సింది హోస్ట్ కాన్ఫిగరేషన్ బ్యాకప్, పాత వెర్షన్ రీఇన్‌స్టాల్ అని.

హోస్ట్ లేచాక పచ్చ గుర్తు చూసి సంతోషపడితే సరిపోదు. నెట్‌వర్క్ లింకులన్నీ పైకి వచ్చాయా, స్టోరేజ్ పాత్‌లు (స్టోరేజ్‌కు చేరే దారులు) ముందున్నన్నే ఉన్నాయా, టైమ్ సరిగ్గా ఉందా చూస్తాను. ఎనిమిది పాత్‌లు ఉండాల్సిన చోట నాలుగే ఉంటే అంతా నడుస్తున్నట్టే కనిపిస్తుంది, రెండో స్విచ్ ఆగిన రోజు బయటపడుతుంది. తర్వాత పెద్దగా ప్రాముఖ్యం లేని రెండు వీఎంలను తెచ్చి పెడతాను. మొదటి హోస్ట్‌ను రెండు రాత్రులు, అంటే రెండు బ్యాకప్‌లు పూర్తయ్యేదాకా గమనించాకే రెండోదాని జోలికి వెళ్తాను. మిగతా మూడూ ఒక్కో రోజు ఒక్కోటి.

వీఎంవేర్ బదులు ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ వాడేవాళ్ళకు

ప్రాక్స్‌మాక్స్‌లో కోరం ముఖ్యం, అంటే సగానికి మించిన నోడ్‌లు (హోస్ట్‌లు) నడుస్తూ ఉండాలి. మూడు నోడ్‌లలో ఒకటి ఆపితే రెండు మిగులుతాయి, మెజారిటీ ఉంటుంది. రెండే నోడ్‌లుంటే ముందు బయట ఒక క్యూడివైస్ (అదనపు ఓటు ఇచ్చే మెషీన్) పెట్టుకోండి. 8 నుంచి 9కి వెళ్ళడమంటే కింద ఉన్న లైనక్స్, అంటే డెబియన్ కూడా 12 నుంచి 13కు మారుతుంది. దీనికోసమే ఇచ్చిన చెక్ స్క్రిప్ట్‌ను నడిపి, హెచ్చరికలన్నీ తీరేదాకా ఆగండి. మామూలు ఆప్ట్ అప్‌గ్రేడ్ కాదు, డిస్ట్-అప్‌గ్రేడ్ వాడాలి. కొత్త కెర్నల్‌తో నెట్‌వర్క్ కార్డుల పేర్లు మారొచ్చు, అందుకని ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా లాగిన్) మీద మాత్రమే ఆధారపడకుండా కన్సోల్ దగ్గర పెట్టుకోండి. వీఎంలను పాత నోడ్ నుంచి కొత్తదానికి లైవ్‌గా మార్చొచ్చు. తిరిగి పాతదానికి వస్తాయన్న భరోసా లేదు.

హైపర్-వీ క్లస్టర్‌ను విండోస్ సర్వర్ 2016 వచ్చినప్పటి నుంచి నోడ్ తర్వాత నోడ్‌గా మార్చే వీలుంది. పాత, కొత్త నోడ్‌లు కలిసి నడిచే ఆ దశను నాలుగు వారాల్లో ముగించమని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. చివర్లో క్లస్టర్ ఫంక్షనల్ లెవెల్ (క్లస్టర్ మొత్తం ఏ వెర్షన్‌లా నడవాలో చెప్పే సెట్టింగ్) పెంచాక వెనక్కి రాలేరు.

వీఎంవేర్‌లో అలాంటి మెట్టు వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్. వీఎం ఆపి చేయాలి, పెంచాక మామూలుగా తగ్గించలేం, పాత హోస్ట్ మీదకూ వెళ్ళదు. కొత్త ఫీచర్ ఏదైనా నిజంగా కావాలంటే తప్ప నేను పెంచను. టూల్స్ మాత్రం అన్ని వీఎంలకూ, ఎలాగూ రీబూట్ ఉండే నెలవారీ విండోస్ ప్యాచ్‌ల రోజున కలిపి వేస్తాను. ఆ తర్వాత వీసెంటర్ స్నాప్‌షాట్ మిగిలి లేదని చూసుకుని, ఆపిన టెస్ట్ వీఎంలు ఆన్ చేసి, షీట్‌లో కొత్త బిల్డ్ నంబర్లు నింపి, రెండు రోజుల ముందు చెప్పినవాళ్ళకే ‘అయిపోయింది’ అని మెయిల్ పెడతాను.