గొంతు బొంగురు నెల దాటితే: స్వరపేటికలో క్యాన్సర్ కాని గడ్డలు

జలుబుతో పోయిన గొంతు మామూలుగా రెండు వారాల్లో తేరుకుంటుంది. నాలుగు వారాలైనా తేటపడకపోతే మందుల షాపులో యాంటీబయాటిక్ కొనడం మానేసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. పొగ తాగేవాళ్లు, కఫంలో రక్తం పడేవాళ్లు, మెడలో గడ్డ తగిలేవాళ్లు అన్నాళ్లూ ఆగొద్దు. ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముక్కులో మత్తు స్ప్రే కొట్టి సన్నని ఎండోస్కోపు పంపి చూస్తారు, నొప్పి పెద్దగా ఉండదు. వీలైతే స్ట్రోబోస్కోపీ (ఆరి వెలిగే కాంతితో చూసే పరీక్ష) చేయించుకోండి. సెకనుకు వందసార్లకు పైగా అదిరి గొంతు పలికించే మడతలను, అంటే స్వరతంత్రులను, అది నెమ్మదిగా కదులుతున్నట్టు చూపిస్తుంది. మామూలు వెలుతురులో నాడ్యూలూ (కాయలాంటి చిన్న గడ్డ), సిస్టూ (చిన్న సంచిలాంటి గడ్డ) ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. చికిత్స మాత్రం రెంటికీ పూర్తిగా వేరు.

పార పట్టిన అరచేతికి కాయలు కాసినట్టు, గొంతు అరగదీసేవాళ్ల తంత్రులపై నాడ్యూల్స్ వస్తాయి. రెండు వైపులా ఎదురెదురుగా, ముందు నుంచి మూడో వంతు దగ్గర ఉంటాయి, ఎందుకంటే తంత్రులు గట్టిగా కొట్టుకునేది అక్కడే. వాటిపై పైపొర కదలిక చాలావరకు సాగుతూనే ఉంటుంది. సిస్టు పొర కింద, ఎక్కువగా ఒకవైపే ఉంటుంది, దానిపై కదలిక ఆగిపోతుంది. పాలిప్ (మెత్తని పిలకలాంటి గడ్డ) కూడా ఎక్కువగా ఒకవైపే. గట్టిగా అరిచినప్పుడు రక్తనాళం చిట్లి రావచ్చు.

నాడ్యూల్స్‌కు ముందే కత్తి పెట్టించుకోవద్దు. స్పీచ్ థెరపిస్టు దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు సాధన చేస్తే చాలామందికి గొంతు బాగుపడుతుంది. ఒక సాధన ఇది: సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి, బుడగలు సమంగా వచ్చేలా మెల్లగా ‘ఊ’ అనాలి. మెడ బిగుసుకుంటే ఆపి, ఇంకా మెల్లగా మొదలుపెట్టాలి. గొంతుకు విశ్రాంతి అనుకుని గుసగుసలాడితే చాలామందికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ అంతే, దానికి బదులు గుక్కెడు నీళ్లు తాగండి. టీచర్లకు క్లాసులో చిన్న మైకు ఎంతో మేలు.

సిస్టు సాధనతో కరగదు. దానికీ, తగ్గని పాలిప్‌కూ పూర్తి మత్తిచ్చి నోటి ద్వారానే మైక్రోస్కోపుతో ఆపరేషన్ చేస్తారు. కోత లోతుకు పోతే మచ్చకట్టి బొంగురు శాశ్వతమవుతుంది, అందుకే గడ్డనే తీసి చుట్టూ ఉన్న పొరను కాపాడతారు. తీసిన ముక్కను బయాప్సీకి (క్యాన్సర్ ఉందేమో చూసే ల్యాబు పరీక్షకు) పంపారో లేదో తప్పక అడగండి. తర్వాత సర్జన్ చెప్పినన్ని రోజులు, సాధారణంగా మూడు నుంచి ఏడు, మౌనం పాటించాలి.

తంత్రుల వెనక భాగంలో వచ్చే గ్రాన్యులోమాకు (రాపిడి తగిలిన చోట పెరిగే కండలాంటి గడ్డ) కడుపులోని యాసిడ్ పైకి తన్నడం, శ్వాస కోసం గొంతులో పెట్టిన గొట్టం రాపిడి వంటివి కారణాలు. మూలం వదిలేసి కోస్తే మళ్లీ వస్తుంది. పొగ వల్ల ఉబ్బిన తంత్రులకు సిగరెట్ మానడమే తొలి మందు.

హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వచ్చే పులిపిరుల్లాంటి పాపిల్లోమాలు మొండివి. లేజర్‌తోనో, గడ్డను చెక్కి పీల్చేసే మైక్రోడెబ్రైడర్‌తోనో తీసినా తిరిగి మొలుస్తాయి, పలుమార్లు ఆపరేషన్ పడవచ్చు. చిన్నపిల్లల్లో వీటిని ఆస్తమాగా పొరబడుతుంటారు. ఏడుపు బొంగురుగా ఉండి, ఇన్‌హేలర్‌కు కూత తగ్గకపోతే స్వరపేటికలోకి చూడమని డాక్టరును గట్టిగా అడగండి.