ఇంట్లో నేర్చుకునే మెయిన్‌ఫ్రేమ్ అసెంబ్లర్ – 4వ పాఠం: 24, 31 మోడ్‌లు

బేస్ రిజిస్టరు (అడ్రస్ మొదలు ఉండే చోటు), దానికి కూడే 0 నుంచి 4095 దాకా డిస్‌ప్లేస్‌మెంటు గత పాఠంలో అయిపోయాయి. రెండూ కూడితే వచ్చిన సంఖ్యలో అడ్రస్ ఎంత మేరకు? ఆ సంగతి రిజిస్టరును ఎంతసేపు చూసినా తెలియదు. ప్రాసెసర్ తన ప్రస్తుత స్థితిని ఉంచుకునే పీఎస్‌డబ్ల్యూలోని మోడ్ బిట్‌ని అడగాలి. అడ్రస్‌గా 24 బిట్లు చూడాలా, 31 చూడాలా అన్నది అదే చెబుతుంది.

1964లో ఐబీఎం ప్రకటించిన మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్/360లో అడ్రస్ 24 బిట్లు, అంటే 16 ఎంబీ. రిజిస్టరేమో 32 బిట్లు. మిగిలిన పై బైట్‌ను ప్రోగ్రామర్లు ఊరికే వదల్లేదు, ఫ్లాగులు (సొంత గుర్తులు) దాచుకున్నారు. 1983లో ఎంవీఎస్/ఎక్స్‌ఏ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో 31 బిట్లు, 2 జీబీ వచ్చాయి. 32 ఎందుకు కాలేదంటే, పారామీటర్ల జాబితాలో ఆఖరి అడ్రస్‌కు గుర్తుగా పై బిట్‌ను అప్పటికే వాడేస్తున్నారు. పాత 16 ఎంబీ హద్దునే ఇప్పటికీ 'లైన్' అంటారు.

రెండు మోడ్‌లకు ఒక పోలిక: ఒంగోలు ల్యాండ్‌లైన్ నంబరుకు 6 అంకెలు, నెల్లూరుకు 7. చీటీ మీద ఒంగోలు నంబరు రాసి, మూడో వీధి అని గుర్తుకు ముందు 3 తగిలించారనుకోండి. ఒంగోలు మనిషి చివరి ఆరే నొక్కుతాడు, బాగానే కలుస్తుంది. అదే చీటీ నెల్లూరాయన చేతిలో పడితే ఏడూ నొక్కుతాడు, ఇంకెవరింట్లోనో మోగుతుంది. ఒంగోలు మనిషి 24 మోడ్, నెల్లూరాయన 31 మోడ్, ముందు తగిలించిన 3 ఫ్లాగు.

ఇప్పుడు రిజిస్టరు 5లో హెక్సాలో 41 01 23 40 ఉందనుకుందాం. 41 అనేది ఫ్లాగు. 24 మోడ్‌లో అడ్రస్ 012340, లైన్ కిందే. 31 మోడ్‌లో 41 కూడా అడ్రస్‌లో కలుస్తుంది: 65 × 16 = 1040 ఎంబీ దాటిన చోటు. అక్కడ మెమరీ కేటాయించి లేకపోతే ప్రోగ్రాం ఎస్‌0సీ4 అనే లోపం కోడ్‌తో అర్ధాంతరంగా ఆగిపోతుంది (దీన్నే అబెండ్ అంటారు), రీజన్ కోడ్ 10 లేదా 11. కోడ్ 4 అయితే మెమరీ ఉంది, తాకే హక్కు మీకు లేదు. అబెండ్ అయితే అదృష్టమే. అక్కడ మీదే ఇంకో డేటా ఉంటే ప్రోగ్రాం చప్పుడు చేయకుండా దాన్ని చెరిపేస్తుంది.

పాతవాళ్లు పై బైట్ తుడవడానికి ఎల్‌ఏ 5,0(5) (లెక్క కట్టిన అడ్రస్‌ను రిజిస్టరులో వేసే ఇన్‌స్ట్రక్షన్) రాసేవారు. 24 మోడ్‌లో అది పని చేస్తుంది. 31 మోడ్‌లో అదే ఇన్‌స్ట్రక్షన్ పై బిట్ ఒక్కటే తుడుస్తుంది, 41 అలాగే ఉంటుంది. మోడ్ మారినా తేడా రాకూడదంటే పై 8 బిట్లు సున్నా, మిగతా 24 ఒకట్లు ఉన్న మాస్క్‌తో ఎన్ ఇన్‌స్ట్రక్షన్ (రెండింట్లోనూ ఒకటి ఉన్న బిట్లనే ఉంచేది) వాడండి. కాకపోతే లైన్ పైనున్న అసలు అడ్రస్‌ల మీద మాత్రం వాడొద్దు, వాటి తల కూడా తెగిపోతుంది.

ఏమోడ్ అంటే ప్రోగ్రాం ఏ మోడ్‌లో నడుస్తుందో, ఆర్‌మోడ్ అంటే లైన్‌కు ఎటువైపు లోడవుతుందో. ఏమీ రాయకపోతే రెండూ 24. 31 మోడ్ ప్రోగ్రాం 24 దాన్ని పిలవాలంటే రిజిస్టరు 15లో పై బిట్ సున్నాగా ఉంచి బీఏఎస్‌ఎస్‌ఎం 14,15 రాయాలి. మోడ్ మారడంతో పాటు, తిరుగు అడ్రస్, పాత మోడ్ రిజిస్టరు 14లో పడతాయి. వెనక్కి రావడానికి బీఎస్‌ఎం 0,14. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: అలవాటుగా బీఆర్ 14 (రిజిస్టరు 14లోని అడ్రస్‌కు దూకడం) రాస్తారు. అది మోడ్‌ను మార్చదు. పిలిచిన ప్రోగ్రాం లైన్ పైన ఉంటే తిరుగు అడ్రస్ పై బైట్ తెగి, ఎక్కడో దిగుతారు.

ఇంటి కంప్యూటర్‌లో మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే హెర్క్యులీస్ మీద మామూలు ఎంవీఎస్ 3.8 (పాత ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. అది 24 బిట్ల సిస్టమ్. ఈ తప్పులు అక్కడ ఎన్నిసార్లు చేసినా దొరకవు. కాగితం మీదే లెక్క కట్టండి.

అభ్యాసం: రిజిస్టరు 6లో 80 02 10 00. 24లో ఎక్కడికి, 31లో ఎక్కడికి? రెండింట్లోనూ 021000కే. పై బిట్ 31లోనూ లెక్కలోకి రాదు. 80 బదులు 81 పెట్టి చూడండి: 31లో అడ్రస్ 01021000 అవుతుంది, లైన్ దాటేసింది. 64 మోడ్‌లో ఆ 80 కూడా అడ్రస్సే. దాని సంగతి 5వ పాఠంలో.