టేకు క్లోన్లలో మేలైనది ఏదో తోటలోనే తేల్చుకోవడం

క్లోన్ అంటే ఒకే చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు. అందుకే ఒక క్లోన్ మొక్కలన్నిటికీ జన్యువులు ఒకటే. వాటిలో వాటికి కనిపించే తేడా నేలది, నీటిది, నర్సరీది. క్లోన్‌కీ క్లోన్‌కీ మధ్య తేడాలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది జన్యువుల వాటా.

10 క్లోన్లు, పోలికకు ఒక విత్తన నారు తీసుకోండి. కొమ్మలు ఒకే వయసు తల్లి మొక్కలవి, సంచులు ఒకే సైజువి కావాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ముదురు చెట్టు కొమ్మ మందకొడిగా పెరిగితే నింద క్లోన్ మీద పడుతుంది.

పొలాన్ని 4 బ్లాకులు చేయండి. వాలు ఉంటే ఒక్కో బ్లాకు ఒకే ఎత్తులో ఉండాలి. నీరు నిలిచే మూల వదిలేయండి, టేకు అక్కడ బతకదు. ప్రతి బ్లాకులో క్లోన్‌కి 9 మొక్కలు, విత్తన నారుకూ అంతే, 3 × 3 మీటర్ల ఎడం. ఈ 9 మొక్కల చోటే ఒక మడి. ఏది ఎక్కడన్నది బ్లాకు బ్లాకుకూ విడిగా చీటీలు తీసి నిర్ణయించాలి. మొత్తం 396 మొక్కలు. చుట్టూ ఒక అదనపు వరుసతో ఎకరం కాస్త దాటుతుంది.

ఏటా ఆకు రాలాక, ఒకే నెలలో కొలవండి. చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తులో, వాలులో అయితే పైవైపు నుంచి. అక్కడ పెయింటు గీత ఉంచండి. టేపు జారితే తప్పు రెట్టింపవుతుంది: చుట్టుకొలత 10% ఎక్కువ చూపితే కలప 21% ఎక్కువ వస్తుంది. మొదటి చీలిక దాకా మాను పొడవు కూడా రాయండి. టేకులో కొన చిగురే పూగుత్తి అవుతుంది, మాను అక్కడే చీలుతుంది. తొందరగా పూసే క్లోన్ ఎంత లావెక్కినా దూలానికి పనికిరాదు.

ఇక లెక్క. ఒక్కో మడిలోని 9 చెట్ల సగటు తీసుకుని, విత్తన నారును పక్కనపెట్టి, అనోవా (తేడాలను కారణాల వారీగా విడదీసే గణాంక పద్ధతి) చేయండి. ఉదాహరణకు అందులో వచ్చే మీన్ స్క్వేర్ (తేడా ఎంతో చెప్పే అంకె) క్లోన్లది 52, ఎర్రర్‌ది (నేల వంటి మిగతా కారణాలది) 12 అనుకుందాం. జన్యు వేరియన్స్, అంటే జన్యువుల వల్ల వచ్చే తేడా, (52 − 12) ÷ 4 = 10; ఇక్కడ 4 బ్లాకుల సంఖ్య. క్లోన్ సగటుకు అనువంశికత (మొత్తం తేడాలో జన్యువుల వాటా) 10 ÷ (10 + 12/4) = 0.77. అంటే తోట సగటు కంటే 6 సెం.మీ. లావున్న క్లోన్‌లో జన్యువుల వల్ల వచ్చిందనుకోదగ్గది 4.6 సెం.మీ. మాత్రమే. నర్సరీ ప్రకటనల్లో ఈ కోత ఉండదు.

ఒకే మడిలో ఒక్క చెట్టు ఆకు, బెరడు వేరుగా ఉంటే లేబుల్ మారిందేమో చూడండి. అనుమానం తీరకపోతే డీఎన్ఏ పరీక్షే దారి. ఆదిలాబాద్ నేలలో గెలిచిన క్లోన్ గోదావరి ఒండ్రులో వెనకబడొచ్చు, అక్కడ విడిగా నాటి చూడాల్సిందే.