వీపు తెరిచిన దుస్తుల్లో ఎద ఆధారం: బరువును మెడకు వేలాడదీయకండి

కిందటి నెలలో ఒక యువతి తన బ్యాక్‌లెస్ గౌన్‌ను సరిచేయించుకోవడానికి నా కుట్టుగదికి వచ్చారు. కొలత తీసుకోబోతే చంక పక్కన కొలత టేపు తగలనివ్వలేదు. చూస్తే అక్కడి నుంచి భుజం దాకా, రెండు వేళ్ల వెడల్పున చర్మం పై పొర లేచిపోయి, అంచుల్లో నీటి పొక్కులతో ఎర్రగా ఉంది. ముందు రోజు ఎద కింద నుంచి భుజం మీదికి గట్టిగా లాగి అంటించుకున్న జిగురు టేపును ఆమె రాత్రి ఒక్క గుంజులో ఊడదీసుకున్నారు. అదే వారంలో మరొకరు పట్టీని మెడ వెనుక కట్టుకునే హాల్టర్ స్విమ్‌సూట్ తెచ్చి, వేసుకున్న ప్రతిసారీ సాయంత్రానికి మెడ పట్టేసి తలనొప్పి వస్తోందని, పట్టీని వెడల్పు చేయమని అడిగారు. ఇవి వేరు వేరు ఇబ్బందుల్లా కనిపించినా రెండింటికీ మూలం ఒకటే. ఈత కాలం మొదలవుతోంది కనుక, ఇటువంటి దుస్తులు కుట్టేవారూ కుట్టించుకునేవారూ ముందుగానే తెలుసుకుంటారని ఇది రాస్తున్నాను.

కొలత సరిగ్గా తీసుకోవాలని, మంచి బట్ట ఎంచుకోవాలని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. చేయి తిరిగిన పనివారు కూడా చేయగా నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటి ఉంది. వీపు మీది పట్టీని తీసేసినప్పుడు, అది మోస్తున్న బరువును కింద పక్కటెముకల మీద, నడుము మీద నిలబెట్టకుండా, పైన మెడకో భుజం చర్మానికో తగిలించడమే ఆ తప్పు. ఎదను కింద నుంచి మోయాలి, పైనుంచి వేలాడదీయకూడదు.

మామూలు బ్రాలో బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది భుజాల మీది పట్టీలు కావు, ఎద కింద ఒంటిని చుట్టి ఉండే బ్యాండు. రొమ్ములో కండరం లేదు. కొవ్వు, పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే సన్నని బంధకాలు ఉంటాయి, కాబట్టి దానికి బయటి నుంచి ఆసరా కావాలి. బ్యాండు పక్కటెముకల చుట్టూ బిగుతుగా నిలిచి, కప్పుల అడుగును ఒంటికి అదిమి ఆ ఆసరాను ఇస్తుంది. వీపు దగ్గర ఆ వలయాన్ని కత్తిరించగానే రెండు కొసలు కట్టుబడి ఉండే చోటు లేక ముందుకు జారుకుంటాయి. అప్పుడు కుట్టేవారికి తట్టే మొదటి ఉపాయం మెడ పట్టీని బిగించడం. అద్దంలో ఎద వెంటనే పైకి లేస్తుంది, వేసుకున్నవారూ కుట్టినవారూ తృప్తి పడతారు. రెండు గంటలు గడిచేసరికి ఆ బరువంతా మెడ వెనుక పొడుచుకొచ్చిన ఎముక మీద, వేలెడు వెడల్పు లేని పట్టీ కిందికి చేరుతుంది.

ఈ సమస్య పాతదే. 1914 నవంబరు 3న అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ తీసుకున్న పేటెంటు పేరే 'బ్యాక్‌లెస్ బ్రాసియర్'. రెండు చేతిరుమాళ్లను రిబ్బనుతో కలిపి కుట్టిన ఆలోచన నుంచి పుట్టిన ఆ ఉడుపులో కింది మూలల నుంచి బయలుదేరిన నాడాలు ఒంటిని చుట్టి వచ్చి ముందు ముడిపడతాయి. అది ఎదను పైకెత్తలేదు, చదును చేసింది. అయినా వీపు తెరవాలంటే పట్టును కిందికి దించాలన్న లెక్క అందులో ఉంది. ఇప్పుడు మన చేతిలో సాగే బట్టలు, దుస్తును నిలబెట్టే బద్దల్లాంటి మంచి బోనింగ్, గట్టిగా పట్టి ఉంచే సాగే వలబట్ట పవర్ మెష్ ఇన్ని ఉండగా ఆ లెక్కను మరచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కచ్చా కుట్టు మీద ఉన్నప్పుడే చేయవలసిన పరీక్ష ఒకటి చెబుతాను. మనిషిని అద్దం ముందు నిలబెట్టి, మెడ ముడిని విప్పి, పట్టీ కొసలను రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగా వదులు చేయండి. పై అంచు మాత్రమే కాస్త ముందుకు వాలి, కప్పుల అడుగు ఉన్నచోటే ఉంటే పని కుదిరినట్టు. కప్పుల అడుగు కూడా వేలెడు కిందికి దిగిపోతే బరువంతా మెడే మోస్తోందని అర్థం. ఆ తరువాత పట్టీని ఎంత వెడల్పు చేసినా, దాని కింద ఎంత మెత్త పెట్టినా ఆ లెక్క మారదు. తలనొప్పితో వచ్చినామె స్విమ్‌సూట్‌ను అలా వదులు చేసి చూపించినప్పుడు కప్పులు జారిన తీరు చూసి, పట్టీ వెడల్పు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

గౌన్లు, పైదుస్తులు

వీపు ఎంత లోతు వరకు తెరవాలన్నది మొదట తేల్చుకోవాలి. ఎందుకంటే ఆధారం ఎక్కడ నిలబడుతుందన్నది దాన్ని బట్టే ఉంటుంది. వీపు నడుముకు పైననే ఆగితే పని సులువు. నడుము దగ్గర లోపలి వైపు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న, సాగని గ్రోస్‌గ్రెయిన్ రిబ్బనుతో ఒక నడుము పట్టీ వేసి, దాన్ని గౌన్‌తో సంబంధం లేకుండా విడి హుక్కులతో బిగించుకునేలా కుట్టాలి. ఆ పట్టీని గౌన్ చుట్టూ పొడుగునా కుట్టేయకూడదు. కుట్టుగీతల దగ్గర, బోనింగ్ దగ్గర మాత్రమే పట్టించాలి. అప్పుడు బిగువును పట్టీ తీసుకుంటుంది, పైబట్ట ముడతలు పడకుండా ఉంటుంది. కప్పుల అడుగు నుంచి ఈ పట్టీ దాకా బోనింగ్ నిలువుగా దిగాలి. బరువు కిందికి దిగే దారి అదే. ముందు రెండు, పక్కల రెండు తప్పనిసరి. ఎద బరువు ఎక్కువైతే మధ్యలో మరి రెండు వేయండి. స్ప్రింగులా మెలి తిరిగిన ఉక్కు బోనింగ్ పక్కలకు కూడా వంగుతుంది కనుక వంపులున్న చోట అదే నయం. చవక ప్లాస్టిక్ బోనింగ్ ఒంటి వేడికి వంగి, ఆ వంపులోనే ఉండిపోతుంది.

వీపు నడుముకు కిందికి దిగితే నడుము పట్టీ వెనుక కనిపిస్తుంది కాబట్టి దాన్ని వేయలేరు. అప్పుడు ముందు భాగం లోపల సాగని లైనింగ్‌తో గట్టి పలకలాంటి పొరను కట్టి, పక్క కుట్లలో బోనింగ్ వేసి, ఆ పొరను తుంటి దగ్గర స్కర్టు భాగానికి పట్టించాలి. దీనికి కూడా హద్దు ఉంది. ఎద బరువు బాగా ఉన్నవారికి నడుముకు కిందిదాకా వీపు తెరిచి, పూర్తి ఆధారం కూడా ఇస్తానని ఎవరైనా చెబితే నేను నమ్మను. వీపును నాలుగు వేళ్లు పైకి తీసుకుందామని ముందే చెప్పడం మర్యాద.

బ్రా వెనుక పట్టీని కిందికి లాగి నడుముకు చుట్టే లో-బ్యాక్ కన్వర్టర్లు మంచివే గాని, వాటి లాగుడు ఏటవాలుగా కిందికి ఉంటుంది. కప్పుల మధ్య భాగం సాగే బట్టదైతే ఆ లాగుడుకు కప్పులు కిందికి, పక్కలకు తిరిగిపోతాయి. అక్కడ సాగని బట్ట వేయాలి. లోపలి అంచుకు వేసే సిలికాన్ పట్టీ జారకుండా ఆపుతుంది, అంతే. ఎదను ఎత్తే శక్తి దానికి లేదు.

స్విమ్‌సూట్లు

ఒకే ముక్కగా ఉండే హాల్టర్ స్విమ్‌సూట్‌లో నేను చూసిన మెడనొప్పుల్లో చాలావరకు ఎద బరువు వల్ల వచ్చినవి కావు, మొండెం పొడవు చాలకపోవడం వల్ల వచ్చినవి. భుజం మీద నుంచి కాళ్ల మధ్యగా వెనుక నుంచి మళ్లీ అదే భుజానికి చేరే కొలత తీసుకోకుండా ఛాతీ, నడుము, తుంటి కొలతలతోనే కత్తిరిస్తే, మనిషి కూర్చున్న ప్రతిసారీ దుస్తు మెడను కిందికి గుంజుతుంది. ఇది కూడా అదే తప్పుకు మరో రూపం: బిగువు అడ్డంగా ఎద కింద ఉండవలసింది పోయి, నిలువుగా మెడకు చేరింది. కాబట్టి నిలబడి సరిపోయిందని ఒప్పుకోకండి. కూర్చోబెట్టి, ముందుకు వంచి, రెండు చేతులూ పైకెత్తించి చూడండి.

పొడి బట్ట మీద కుదిరింది తడి మీద కుదరదు. నీళ్లు పీల్చిన బట్ట బరువెక్కి సాగుతుంది, మందపు స్పాంజి కప్పు నీటిని పట్టి ఉంచి ఆ బరువును కిందికి లాగుతుంది. కనుక పలుచని కప్పులే వాడి, కప్పు సంచి అడుగున నీరు కారిపోయే సందు వదలాలి. ఎద కింద బ్యాండు లోపల పవర్ మెష్‌తో మరొక పొర వేసి, దాన్ని పైబట్ట కంటే కొంచెం తక్కువ పొడవుతో కత్తిరిస్తే బిగువు ఆ పొరే తీసుకుంటుంది. కొలనులో కలిపే క్లోరిన్, బట్టకు సాగే గుణాన్నిచ్చే స్పాండెక్స్ నూలును కొద్దికొద్దిగా తినేస్తుంది. పాలియెస్టర్, పీబీటీ (పాలియెస్టర్‌లోనే ఒక రకం) కలిసిన బట్టలు దానికి ఎక్కువ కాలం తట్టుకుంటాయి. ఈత దుస్తుల కోసమే చేసిన ఎలాస్టిక్ వాడండి, చేతికి దొరికింది కాదు. నునుపైన నైలాన్ పట్టీకి వేసిన ముడి నీటిలో జారుతుంది కాబట్టి ముడి అలంకారానికే ఉండాలి, పట్టు మాత్రం కుట్టిన హుక్కుకు ఉండాలి.

టేపు, జిగురు కప్పులు

మొదట చెప్పిన యువతికి జరిగింది చాలామంది అనుకునేట్టు జిగురు దోషం వల్ల కాదు. సాగే టేపును పూర్తిగా లాగి అంటించినప్పుడు అది గంటల తరబడి తిరిగి ముడుచుకోవాలని చూస్తూ, కొసల దగ్గర చర్మం పై పొరను అడుగు పొర నుంచి విడదీస్తుంది. ఆ సందులో నీరు చేరితే పొక్కు అవుతుంది. టేపు రెండు కొసలు, కనీసం ఐదేసి సెంటీమీటర్ల మేర, ఏమాత్రం లాగకుండా అంటించాలి. మధ్య భాగాన్ని కూడా చేత్తో ఎదను ఎత్తి పట్టుకొని, అది ఉన్న చోట నిలిచేంతగానే వేయాలి, టేపుతోనే ఎత్తకూడదు. ఇక్కడ కూడా సూత్రం అదే. భుజం చర్మం ఎదకు కొక్కెం కాదు.

జిగురులో ఉండే ఆక్రిలేట్లు కొందరికి పడవు. ఆ ఎలర్జీ వెంటనే కనిపించకుండా ఒకటి రెండు రోజుల తరువాత దద్దుగా, దురదగా బయటపడవచ్చు. అందుకని వేడుకకు వారం ముందే చిన్న ముక్కను పక్కటెముకల దగ్గర అంటించి, తీశాక మరో రెండు రోజులు గమనించాలి. సిలికాన్ జిగురు కప్పులు కప్పుతాయే తప్ప మోయవు. చెమటకు, నీటికి వదిలేస్తాయి. వాటితో ఈతకు దిగకండి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

పార్శిళ్లకు వేసే టేపు, పైపులకు చుట్టే టేపు ఒంటికి అంటించవద్దు.

చనుమొనల మీద మెత్తని గుడ్డ గాని, జిగురు లేని కప్పు గాని లేకుండా టేపు వేయవద్దు.

టేపు మూలలను గుండ్రంగా కత్తిరించండి. కోణం ఉన్న మూల ముందుగా లేస్తుంది.

అంటించే రోజు చర్మానికి క్రీము రాయవద్దు, వెంట్రుకలు గీయవద్దు.

తీసేటప్పుడు నూనె పట్టించి పది నిమిషాలు ఆగండి. టేపును పైకి గుంజకుండా వెనక్కి మడిచి, చర్మానికి ఆనించి, రెండో చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకొని, మెల్లగా ఒలవండి. నిద్ర ముంచుకొస్తున్నా సరే, తొందర వద్దు.

పాలిచ్చే తల్లులు టేపు వాడవద్దు, బిగుతు బ్యాండు వేసుకోవద్దు. ఒత్తిడికి పాలనాళాలు మూసుకుపోయి వాపు రావచ్చు.

శస్త్రచికిత్స జరిగిన చోట, రేడియేషన్ తీసుకున్న చర్మం మీద జిగురు వద్దే వద్దు.

కప్పు అడుగున వేసే తీగ, అంటే అండర్‌వైర్, రెండు కొసల దగ్గర గొట్టంలో కొంచెం ఖాళీ వదలండి, ఆ పైన గట్టిగా బార్‌ట్యాక్ (దగ్గర దగ్గరగా వేసే అడ్డకుట్టు) వేయండి. వెనుక బ్యాండు లేని దుస్తులో వైరు బయటికి తిరిగి చంకను పొడుస్తుంది. పక్క బోనింగ్ లేకుండా వైరు వేయవద్దు.

ఈత దుస్తులకు పూత లేని వైరు వేయవద్దు. తుప్పు పడుతుంది.

బోనింగ్ కొసలకు టోపీలు తొడగకుండా కుట్టవద్దు.

సాగే బట్ట మీద మామూలు నిలువు కుట్టు వేయవద్దు, తెగుతుంది. జిగ్‌జాగ్ వేయండి.

ఏటవాలుగా కత్తిరించిన మెడ అంచుకు, చంక అంచుకు సాగని సన్నని పట్టీ వేయండి. లేకపోతే వంగినప్పుడల్లా అంచు నోరు తెరుస్తుంది.

రెండు రొమ్ములూ ఒకే పరిమాణంలో ఉంటాయని అనుకోవద్దు. పెద్దదానికి సరిపడా కప్పు కుట్టి, చిన్నదానివైపు పలుచని మెత్త పెట్టండి.

నెలసరికి ముందు కొలత మారుతుంది కనుక హుక్కులు ఒక వరుస కాదు, రెండు మూడు వరుసలు వేయండి.

ఊపిరి పూర్తిగా పీల్చినప్పుడూ, వదిలినప్పుడూ ఎద కింద కొలత తీసుకోండి. పీల్చినప్పుడు నొక్కే బ్యాండు తప్పు బ్యాండు.

వేళ్లు తిమ్మిరెక్కినా, మెడ నుంచి తలకు నొప్పి పాకినా అప్పటికప్పుడు పట్టీ వదులు చేసుకోండి, సాయంత్రం దాకా ఓర్చుకోవద్దు.

ఈత దుస్తును తడిపి, వేసుకొని, అరగంట నడిచి, వంగి, గెంతి చూశాకే నీటిలోకి దిగండి. ముడి విప్పి చూసే పరీక్షను ఆ తడి మీద మరోసారి చేయండి.

ఈత అయిన వెంటనే దుస్తును మంచినీటిలో జాడించి, పిండకుండా, నీడలో ఆరవేయండి. ఎలాస్టిక్ నలిగి అలల్లా కనిపించిన రోజున దాన్ని మార్పించండి, మెడ పట్టీని మాత్రం బిగించవద్దు.