నెల తప్పినప్పుడు: లక్షణాలను ఎంతవరకు నమ్మాలి, ఇంటి పరీక్షను ఎప్పుడు నమ్మాలి

గర్భం నిలిచిందేమోనన్న అనుమానం కలిగిన రోజున అన్నిటికంటే ముందు కావలసింది ఒక తేదీ. గత నెలసరి మొదలైన రోజే ఆ తేదీ. మన రాయలసీమ పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళు దానిని ‘ఉగాది అయిన మూడో రోజు’ అనో, ‘పీర్ల పండుగకు రెండు రోజుల ముందు’ అనో పండుగలతో కలిపి గుర్తుపెట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు. గోడ మీది క్యాలెండరులో ఆ పండుగ ఎప్పుడు పడిందో చూసి తేదీని ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే చాలు. ఇంట్లో చేసుకునే పరీక్ష ఫలితాన్ని నమ్మవచ్చా లేదా అన్నది కిట్ ధరను బట్టి, కంపెనీ పేరును బట్టి కంటే ఈ తేదీని బట్టే ఎక్కువగా తేలుతుంది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. వైద్యులు గర్భం వయసును కలయిక జరిగిన రోజు నుంచి కాక గత నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అండం విడుదలయ్యేది ఆ తర్వాత దాదాపు రెండు వారాలకు కాబట్టి, డాక్టరు ‘ఆరు వారాలు’ అన్నప్పుడు నిజానికి గర్భం వచ్చి నాలుగు వారాలే అయి ఉంటుంది. కళ్యాణదుర్గం, ఆదోని వైపు నుంచి బెంగళూరుకు కట్టడం పనులకో, గుంటూరు వైపు మిరపకాయ కోతలకో వెళ్ళి ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చే భర్తలు ఈ వారాల లెక్క విని, తాము ఊళ్ళో లేని రోజులతో పోల్చుకుని అనుమానపడిన సందర్భాలు ఉన్నాయి. ఒక అమాయకురాలి మీద ఇంతకంటే అన్యాయమైన నింద ఉండదు. ఇంట్లో ఎవరికైనా ఈ సందేహం వస్తే, డాక్టరు చెప్పిన వారాల్లో నుంచి రెండు తీసివేయమని వెంటనే చెప్పాలి.

ఇక లక్షణాల సంగతి. 21 నుంచి 35 రోజుల మధ్య క్రమంగా నెలసరి వచ్చే స్త్రీకి అది రాకపోవడమే అన్నిటికంటే గట్టి సూచన. మిగిలినవన్నీ దాని తర్వాతివే. రొమ్ములు బరువెక్కి ముట్టుకుంటే నొప్పి పుట్టడం, ఏ పనీ చేయకముందే ఒళ్ళు అలసిపోవడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం, నిన్నటిదాకా ఇష్టంగా తిన్న కూర ఈ రోజు తిరగవాత వాసనకే కడుపులో తిప్పడం, మలబద్ధకం, పొత్తికడుపులో సన్నగా లాగినట్టు ఉండడం, ఇవన్నీ తొలి వారాల్లో కనిపించవచ్చు. వేవిళ్ళు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో, అంటే నెల తప్పిన రెండు వారాలకు మొదలవుతాయి. కొందరికి అసలు రావు, అది చెడు సూచన కాదు. నెలసరి రావలసిన రోజులకు కాస్త ముందుగా, లోదుస్తుల మీద లేత గులాబీ లేదా గోధుమ రంగులో ఒకటి రెండు మరకలు కనిపించి ఆగిపోవడం కూడా కొందరిలో ఉంటుంది. దానినే నెలసరి అనుకుని తేదీ తప్పుగా రాసుకునేవారూ ఉన్నారు.

అయితే ఈ లక్షణాలను చూసి నిర్ణయానికి రాకూడదు, ఎందుకంటే నెలసరికి ముందు వచ్చే బాధలకూ వీటికీ మూలం ఒకటే. అండం విడుదలైన తర్వాత ప్రతి నెలా, గర్భం వచ్చినా రాకపోయినా, ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. రొమ్ముల నొప్పి, అలసట, కడుపు ఉబ్బరం దాని వల్లనే. దీనికి తోడు మన ప్రాంతపు పరిస్థితులు ఉన్నాయి. ఎండాకాలంలో పొద్దంతా పనిచేసి వచ్చిన స్త్రీకి తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం వడదెబ్బ వల్ల కావచ్చు, నిత్యం ఆయాసం రక్తహీనత వల్ల కావచ్చు. మూత్రం మంటగా వస్తుంటే అది గర్భ లక్షణం కాదు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి విడిగా చికిత్స కావాలి. నెలసరి రాకపోవడానికి కూడా థైరాయిడ్ లోపం, అండాశయంలో నీటిబుడగల సమస్య, హఠాత్తుగా బరువు తగ్గడం, తీవ్రమైన మనోవేదన, బిడ్డకు పాలివ్వడం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి లక్షణాలు కనిపిస్తే పరీక్ష చేసుకోవాలి, కనిపించకపోయినా నెల తప్పితే పరీక్ష చేసుకోవాలి.

మూత్రంలో ఉప్పు, చక్కెర, టూత్‌పేస్టు, షాంపూ వేసి నురగ వస్తే గర్భమని చెప్పే చిట్కాలు ఫోనుల్లో తిరుగుతున్నాయి. గర్భధారణ హార్మోనుతో వీటిలో ఏ ఒక్కటీ చర్య జరపదు. మూత్రంలోని ఆమ్లం వల్ల టూత్‌పేస్టు ఎవరిదైనా నురగ కడుతుంది, మగవాడిదైనా సరే. నాడి పట్టి చెప్పే పెద్దవాళ్ళ మీద గౌరవం ఉంచుకోవచ్చు కానీ, మందులు వాడాలా మానాలా అన్న నిర్ణయం దాని మీద ఆధారపడకూడదు.

కిట్ గుర్తించేది హెచ్‌సీజీ అనే హార్మోనును. ఫలదీకరణ చెందిన అండం గర్భాశయం గోడకు అంటుకున్న తర్వాతే ఇది రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. అలా అంటుకోవడానికి అండం విడుదలైన తర్వాత 6 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ పైన తొలి వారాల్లో హెచ్‌సీజీ రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతూ పోతుంది. మన దగ్గర దొరికే చాలా కిట్లు మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్ల మేరకు హార్మోను చేరిన తర్వాతే గీత చూపుతాయి. సోమవారం గీత రాని స్త్రీకే శుక్రవారం స్పష్టంగా రావడానికి కారణం ఇదే. నెల తప్పిన మర్నాటి నుంచి పరీక్ష చేసుకోవచ్చు, వారం ఆగితే ఫలితం మరింత నమ్మదగినదిగా ఉంటుంది. నెలసరి క్రమం తప్పిన వారు, ఇంకా నెలసరి మొదలుకాని బాలింతలు తేదీ లెక్కించలేరు కనుక చివరి కలయిక తర్వాత 21 రోజులు గడిచాక చేసుకోవాలి. పాలిచ్చే తల్లికి నెలసరి తిరిగి రాకముందే గర్భం రావచ్చన్న సంగతి చాలామందికి తెలియదు.

కిట్ కోసం మెడికల్ షాపుకు వెళ్ళడానికి మొహమాటమైతే, మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడగండి. ప్రభుత్వం నిశ్చయ్ పేరుతో ఉచితంగా ఇచ్చే కిట్లు వాళ్ళ ద్వారానే అందుతాయి. ఎక్కడ తీసుకున్నా గడువు తేదీ చూడాలి. మన ఎండలకు మరో జాగ్రత్త అవసరం. ఇలాంటి కిట్ల మీద సాధారణంగా 30 డిగ్రీలకు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో కర్నూలులో, అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ ఉంటుంది. ముందే కొని బండి డిక్కీలోనో, పొయ్యి గట్టు పక్కనో దాచకుండా, అవసరమైన నాడే కొని ఇంట్లో చల్లని చోట ఉంచుకోవడం మేలు.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న చిన్న గిన్నెలోకి పట్టండి. రాత్రంతా నిలవ ఉండడం వల్ల అందులో హార్మోను చిక్కగా ఉంటుంది. ఎండకు తాళలేక రెండు చెంబుల నీళ్ళు తాగి మధ్యాహ్నం చేసుకుంటే మూత్రం పలచబడి, ఉన్న గర్భం కూడా కనపడకపోవచ్చు. పొట్లాన్ని ముందుగా చించకండి, గాలిలోని తేమకు లోపలి పట్టీ పాడవుతుంది. చించగానే తెల్లని ప్లాస్టిక్ బిళ్ళ, ఒక డ్రాపర్, తేమను పీల్చే చిన్న పొట్లం ఉంటాయి; ఆ చిన్న పొట్లాన్ని పారేయాలి. బిళ్ళను చదునైన చోట పెట్టి, ‘ఎస్’ అక్షరం ఉన్న గుండ్రని గుంటలో కిట్ మీద రాసినన్ని చుక్కలు, చాలా వాటిలో మూడు, ఒక్కొక్కటిగా నిలువుగా వదలండి. కాసేపటికి ఊదారంగు తడి బిళ్ళ మీది చిన్న కిటికీ గుండా పాకుతూ వెళుతుంది. ఫోనులో ఐదు నిమిషాలకు అలారం పెట్టుకుని, ఆ సమయానికే వెలుతురులో చూడండి.

ఆ కిటికీ పక్కనున్న ‘సీ’ అక్షరం దగ్గర గీత తప్పకుండా రావాలి. అది లేకపోతే ‘టీ’ దగ్గర గీత ఉన్నా లేకపోయినా ఆ కిట్ చెడిపోయినట్టే, మరొకటి తీసుకోవాలి. ‘సీ’ ఒక్కటే వస్తే హార్మోను కనపడలేదని, రెండూ వస్తే గర్భమని అర్థం. ‘టీ’ గీత లేతగా ఉన్నా, చెప్పిన సమయంలోపు రంగుతో వచ్చినట్లయితే అది గర్భమే. లేతదనం హార్మోను ఇంకా తక్కువగా ఉందని మాత్రమే చెబుతుంది. కానీ పది నిమిషాలు దాటాక, లేదా సాయంత్రం మళ్ళీ తీసి చూసినప్పుడు, రంగు లేని బూడిద గీత ఒకటి కనపడవచ్చు. అది మూత్రం ఆరిపోవడం వల్ల ఏర్పడిన మరక, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. సమయానికి ఫోటో తీసి ఉంచుకుంటే తర్వాత సందేహం ఉండదు.

గీత వచ్చిన ఫలితం తప్పడం అరుదు. సంతానం కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ వేయించుకున్నవారికి, ఇటీవల గర్భస్రావమో కాన్పో అయినవారికి ఆ హార్మోను కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు ఒంట్లో మిగిలి గీత రావచ్చు. చాలా అరుదుగా కొన్ని రకాల కణితుల వల్ల కూడా వస్తుంది. జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్స్, గర్భనిరోధక మాత్రలు ఫలితాన్ని మార్చవు. గీత రాని ఫలితం మాత్రం తరచుగా తొందరపాటు వల్ల తప్పవుతుంది, ఎందుకంటే అండం ఆ నెల ఆలస్యంగా విడుదలై ఉంటే నెలసరి రావలసిన తేదీ కూడా ఆ మేరకు ఆలస్యమవుతుంది. అందుకే గీత రాలేదంటే దాన్ని ‘ఇప్పటికి కనపడలేదు’ అని మాత్రమే అర్థం చేసుకుని, నెలసరి రాకపోతే మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరొకసారి చేసుకోవాలి. అప్పటికీ గీత, నెలసరి రెండూ రాకపోతే డాక్టరును కలవాలి. రక్తంలో హెచ్‌సీజీ ఎంతుందో చూసే పరీక్ష ఇంకా ముందే, ఇంకా కచ్చితంగా చెబుతుంది. ఫలితం తేలేవరకు గర్భం ఉందనే భావించి మందుల విషయంలో జాగ్రత్తగా ఉండడం క్షేమం.

లేత గీత వచ్చి, కొద్ది రోజులకే నెలసరి రావడం, మళ్ళీ చేస్తే గీత పోవడం కొందరికి జరుగుతుంది. కిట్ అబద్ధం చెప్పిందనుకుంటారు గానీ, చాలాసార్లు అది నిలవకుండా పోయిన తొలి గర్భమే. ఇలాంటి సందర్భంలో బిందె మోసిందనో, గతుకుల రోడ్డులో ఆటో ఎక్కిందనో, బొప్పాయి తిన్నదనో కోడలిని దోషిని చేయడం నేను గట్టిగా ఖండించే విషయం. ఇంత తొలిదశలో గర్భం పోవడానికి చాలావరకు పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. దానికీ ఆమె చేసిన పనికీ సంబంధం లేదు.

గర్భం ఉందని కిట్ చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు. అది గర్భాశయంలో కాక అండనాళంలో పెరుగుతున్నా గీత అలాగే వస్తుంది. గీత వచ్చిన తర్వాత, లేదా నెల తప్పి ఉండగా, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, భుజం కొన దగ్గర నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి ఏవి కనిపించినా, రాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నాళం పగిలితే లోపల రక్తం పోయి గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. ఈ కారణం వల్లనే, గర్భం వద్దనుకునేవారు షాపులో మాత్రలు కొని సొంతంగా వేసుకోకూడదు. అండనాళంలోని గర్భం ఆ మాత్రలకు పోదు, పైగా రక్తస్రావం మాత్రల వల్లే అనుకుని ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతో అర్హత ఉన్న ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకోవచ్చు, ఆమె వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత.

గర్భం నిలుపుకోదలచిన వారికి తొందరగా తెలుసుకోవడంలో పెద్ద లాభం ఒకటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం వచ్చిన నాలుగు వారాలకే, అంటే నెల తప్పిన రెండు వారాలకే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్‌ను రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు ఆ లోపే మొదలుపెట్టాలి. పిల్లల కోసం ఎదురుచూస్తున్నవారు గర్భానికి ముందు నుంచే వేసుకోవడం ఇంకా మంచిది. మూర్ఛకు, రక్తపోటుకు, థైరాయిడ్‌కు, మొటిమలకు మందులు వాడుతున్నవారు వెంటనే డాక్టరుకు చెప్పాలి గానీ, మూర్ఛ, థైరాయిడ్ మాత్రలను తమంతట తాము ఆపకూడదు.

12 వారాల లోపు ఏఎన్ఎం దగ్గర పేరు నమోదు చేయించుకోండి. తల్లీబిడ్డల కార్డు అప్పుడే ఇస్తారు. మొదటి స్కానింగ్ ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చేయిస్తే గర్భం ఎక్కడుందో, గుండె కొట్టుకుంటోందో తెలుస్తుంది. అంతకు ముందే వెళితే ఏమీ కనపడక అనవసరపు దిగులు మిగులుతుంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ప్రసూతి విభాగాలు ఉన్నాయి. మొదటిసారి వెళ్ళేటప్పుడు ఆధార్ కార్డు, పాత కాన్పుల కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు, రక్తపు గ్రూపు తెలిసి ఉంటే ఆ చీటీ, గత నెలసరి తేదీ రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్ళండి. డాక్టరమ్మ మొదట అడిగేది ఆ తేదీనే.